తొమ్మిదో కోట

మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు నలభై రోజులు కాలు కింద పెట్టొద్దని చెప్పినప్పుడు పైకి ముఖం మాడ్చుకున్నాను గాని లోపల సంతోషించాను. పాతికేళ్లుగా నరసరావుపేట చుట్టుపక్కల బళ్లలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మాకు సెలవులన్న పేరే గాని సెలవు ఉండదు. జవాబు పత్రాలు దిద్దడం, ఎన్నికల డ్యూటీ, శిక్షణ తరగతులు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అప్పగిస్తూనే ఉంటారు. బడి మెట్ల మీద పడి మోకాలు మెలితిరిగితే గాని తీరిక దొరకలేదు. ఆ మెట్టు విరిగిందని నేను రెండుసార్లు కాగితం పెట్టాను. రెండుసార్లూ చూస్తామన్నారు. చూశారో లేదో తెలియదు, పడింది మాత్రం నేనే. సరే, పోనీ అనుకుని మంచం ఎదురుగా టీవీ పెట్టించుకున్నాను. నా సొంతానికి కొనుక్కుని రెండేళ్లుగా దుమ్ము పట్టించిన వీడియో గేమ్ పెట్టె దాని కింద, చదవాల్సిన పుస్తకాలు పక్కన స్టూలు మీద. నా జీవితంలో ఇంత మంచి నలభై రోజులు మళ్లీ రావనుకున్నాను.

మొదటి రోజే తెలిసింది ఎంత పొరపాటో. ఆట పెట్టగానే తెర మీద అప్‌డేట్ అని వచ్చింది. పొద్దున తొమ్మిదికి మొదలైనది మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. అది పూర్తయ్యాక పాస్‌వర్డ్ అడిగింది. అది చెబితే, ఇది పాతది, కొత్తది పెట్టుకోమంది. నా ఇంట్లో, నా పెట్టెలో, నేను కొనుక్కున్న ఆట ఆడుకోవడానికి నేనెవరో ఇన్నిసార్లు రుజువు చేసుకోవాలా? మూడో రోజు ఎలాగో లోపలికి వెళ్లాను. అది నలుగురు కలిసి ఆడే ఆట, మిగతా ముగ్గురూ ఏ ఊరివాళ్లో తెలియని పిల్లలు. మైకు తెరిచి ఉందని నేను చూసుకోలేదు. వంటింట్లో కుక్కరు మూడు కూతలు వేసింది. వాళ్లలో ఒకడు, "ఆంటీ, మీరు పప్పు చూసుకోండి, మేం ఆట చూసుకుంటాం" అన్నాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ రోజు ఆ ముగ్గురినీ చచ్చిపోకుండా రెండుసార్లు బతికించింది నేను. ఆట చివర ఎవరెవరు ఏం చేశారో పట్టిక వస్తుంది, అందులో ఆ మాట ఉంది. ఒక్కడూ చూడలేదు. అప్పటినుంచి ఒంటరిగా ఆడే ఆటలే ఆడుతున్నాను.

పుస్తకాల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎన్నాళ్లనుంచో చదవాలని దాచుకున్న నవల తీస్తే చివరి పదహారు పేజీలు లేవు. మా బళ్లో తెలుగు చెప్పే టీచరమ్మ పట్టుకెళ్లి ఏడాది ఉంచుకుని ఇచ్చిన పుస్తకం అది. ఫోన్ చేసి అడిగితే, "నా దగ్గరికొచ్చినప్పుడే లేవు మేడం" అంది. నేనిచ్చినప్పుడు ఉన్నాయి. కొత్త పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమతలలంత. ఇక టీవీ. ఒక ఛానల్లో నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుస్తారు, ఇంకోదాంట్లో వంద భాగాలుగా ఒకే పెళ్లి ఆగిపోతూ ఉంటుంది. ఇంటర్నెట్లో ఏదైనా పెట్టుకుంటే మధ్యలో ఆపేసి, "ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతుంది. కాలు చాపుకుని మంచం మీద కూర్చున్న మనిషి ఇంకెక్కడికి పోతుంది? మా ఆయన, "అదేదో మర్యాదకి అడుగుతుందిలే, నీకు దాని మీద కూడా కోపమేనా" అన్నాడు. మర్యాదకి అడిగే మాట అది కాదు.

పన్నెండో రోజున మా శీను వచ్చాడు. శీను మా బాబాయి కొడుకు, నాకన్నా ఏడాది చిన్న. పిడుగురాళ్లలో లారీలు తిప్పుతాడు. బత్తాయిల సంచి గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి నేను ఆటలో ఉన్నాను. నా కాలు ఎలా ఉందని ముందు అడుగుతాడనుకుంటాం గదా. వాడు తెర వంక చూశాడు, నా చేతులకేసి చూశాడు.

"ఇంకా ఇదేనా అక్కా నీకు?" అన్నాడు.

"కూర్చో" అన్నాను.

"కూర్చుంటాలే గాని, ఈసారన్నా నూనె లేకుండా కడుక్కున్నావా చేతులు?"

అని, తన మాటకి తనే నవ్వాడు. ఈ కథ నా నోట వందసార్లు విన్న మా ఆయన కూడా నవ్వాడు. అది వేరే లెక్క, దాని సంగతి వాళ్లిద్దరూ పోయాక... కాదు, శీను పోయాక చూసుకున్నాను. కానీ ఆ నవ్వుతో నాకు ముప్పై ఏళ్ల కిందటి మంట మళ్లీ రాజుకుంది. వాడికి అది హాస్యం. వాడి దృష్టిలో నేను అబద్ధం చెప్పి, అది బయటపడకుండా వాళ్ల ఆటపెట్టెలో నూనె పోసి పాడుచేసిన మనిషిని. ఇప్పటికీ.

గురజాల దగ్గర మా ఊళ్లో బడి ఏడో తరగతి దాకానే ఉండేది. ఎనిమిది నుంచి పది దాకా నన్ను పిడుగురాళ్లలో బాబాయి ఇంట్లో ఉంచారు. బాబాయికి సున్నపుబట్టీ ఉండేది. ఇల్లు బట్టీకి అర ఫర్లాంగు దూరం. అక్కడ పెరగనివాళ్లకి ఆ తెలుపు ఎలాంటిదో చెప్పినా అర్థం కాదు. తులసాకు తెల్లగా ఉండేది, గేదె వీపు తెల్లగా ఉండేది, ఆరేసిన నల్ల గొడుగు సాయంత్రానికి తెల్లబడేది. కాల్చిన సున్నపురాయికి తడి తగిలితే పొగలు కక్కుతుంది, చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. అందుకని ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన సూత్రం ఒకటుండేది: సున్నానికి నీళ్లు చూపించకూడదు, నూనె చూపించాలి. కూలీలు పనిలోకి దిగేముందు చేతులకీ కాళ్లకీ నూనె పట్టించుకునేవాళ్లు. కంట్లో నలుసు పడితే పరిగెత్తుకుంటూ మా నాయనమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆవిడ గూట్లోంచి ఆముదం సీసా తీసి, దూది వత్తి ముంచి, రెప్ప ఎత్తి ఒక్క చుక్క వేసేది. "మంటగా ఉంటదిరా, ఓర్చుకో, నీళ్లు తగలనీయమాక" అనేది. డాక్టరు కన్నా ఆవిడ దగ్గరికే ఎక్కువమంది వచ్చేవాళ్లు. ఆవిడకి అదొక్కటే గర్వం. పొలాలు అమ్మి కొడుకు బట్టీలో పెట్టాక ఆవిడకి ఆ ఇంట్లో ఇంక వేరే పెత్తనం మిగల్లేదు. ఆ సీసా మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

తెల్లవారేసరికి పిన్ని వాకిలి పొడిచీపురుతో ఊడ్చి, ఆ తెల్లదుమ్మంతా చేటకెత్తి పారబోశాకే నీళ్లు చల్లేది. బొగ్గు పొగ, పేడ, కాగే పాల వాసన కలిసి వచ్చేవి. పిన్ని నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని తలకి పట్టించి, కళ్లు పైకి లాగేంత బిగువుగా రెండు జడలు వేసేది. సొంత కూతురు లేదు ఆవిడకి. జడ వేసేటప్పుడు చిన్న పాట ఏదో గొణుక్కునేది. అప్పుడు ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఆ మాట ఇక్కడ రాయకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను, రాయడం మాత్రం ఇష్టంగా లేదు.

ముందుగదిలో చెక్క తలుపులున్న టీవీ ఉండేది. దానికి పిన్ని కుట్టిన నెమలి బొమ్మల గుడ్డ కప్పేవాళ్లు. వార్తలు బాబాయివి, ఆదివారం పురాణం నాయనమ్మది, సినిమా అందరిదీ. పదో తరగతి దసరా సెలవుల్లో బాబాయి హైదరాబాదు నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. బూడిదరంగు పెట్టె, రెండు రిమోట్లు, పైన దూర్చే పసుపుపచ్చ క్యాసెట్టు. అందులో ఎన్నో ఆటలని రాసుంది గాని నిజానికి ఏడే. మేం ఆడింది ఒక్కటే. గుర్రపురౌతు ఒకడు అగడ్తలు దూకుతూ, పైనుంచి పడే బండలు తప్పించుకుంటూ కోట తర్వాత కోట దాటాలి. మొత్తం తొమ్మిది కోటలు. మూడుసార్లు పడితే మొదటికి రావాలి. ఇప్పటిలాగా ఆగినచోటు దాచిపెట్టడం ఉండదు, కరెంటు పోయిందా అంతా పోయినట్టే. దానికి కోటల ఆట అని పేరు పెట్టుకున్నాం.

ఆటలో వరస ఉండేది. ముందు శీను, తర్వాత శీను స్నేహితులు, వాళ్లు విసిగిపోయి క్రికెట్‌కి పోతే నేను. నాకు రెండో రిమోటే ఇచ్చేవాళ్లు, దాని దూకే మీట సగంసార్లు పనిచేసేది కాదు. "అది నీకు చాల్లే, నువ్వెట్టాగూ రెండో కోట దాటవు గదా" అనేవాడు శీను. వాడు ఐదు దాటి ఆరో కోటలో పడేవాడు, ఎప్పుడూ ఆరులోనే. బండలు మూడు వరసగా పడేచోట అందరూ ముందుకు దూకుతారు, అక్కడ వెనక్కి రావాలి. నేను వెనక కూర్చుని చూసి చూసి అది కనిపెట్టాను. చెప్పబోతే, "నోరు మూసుకో అక్కా, ఆడేవాళ్లకి తెల్సులే" అన్నాడు. మళ్లీ చెప్పలేదు.

ఆ ఏడు శివరాత్రికి అందరూ బట్టీ లారీలో కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లారు. నాకు పరీక్షలు దగ్గరపడ్డాయని ఉంచేశారు, నాయనమ్మ కొండ ఎక్కలేదని తోడుగా ఉంచారు. ఆవిడ ఉపవాసం. పొద్దున పదింటికి నేను పుస్తకం మూసి, నెమలి గుడ్డ మడిచి, మొట్టమొదటిసారి మొదటి రిమోటు చేతిలోకి తీసుకున్నాను. ఎంత తేలిగ్గా దూకిందో ఆ గుర్రం! మీట మంచిదైతే నాకు ఇంత ఆట వచ్చని నాకే తెలియదు. ఆరు దాటాను. నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుని చూస్తోంది. "పడతాడే, పడతాడే, అబ్బ, దాటాడమ్మా!" అంటోంది. ఏడు, ఎనిమిది. వేళ్లు కొంకర్లు పోయాయి. అది మూడో గంటో నాలుగో గంటో. తొమ్మిదో కోటలో బండలు లేవు, బాణాలు లేవు. ఒక గుమ్మం, లోపల ఒక బావి. రౌతు దిగి, చేద లాగి, గుర్రానికి నీళ్లు పెడతాడు. గుర్రం తల వంచి తాగుతుంది. అంతే. ఆ బొమ్మ అలాగే కాసేపు నిలబడి, మళ్లీ మొదటి కోట వచ్చింది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఆటలు ఆడాను, కోట్లు పోసి తీసిన బొమ్మలవి. ఏదీ నన్నలా కూర్చోబెట్టలేదు.

ఆపేశాక నాయనమ్మ వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఇదేందే, ఇట్టా కాలిపోతంది?" అంది. గంటల తరబడి ఆడితే ఆ పెట్టె వేడెక్కుతుంది. నేను అదే చెప్పి చదువుకోవడానికి డాబా మీదికి వెళ్లిపోయాను. ఆవిడ విన్నదో లేదో.

మర్నాడు పొద్దున లారీ రాగానే, దిగీ దిగకముందే శీనుకి చెప్పాను తొమ్మిదో కోట చూశానని.

"నువ్వా? చాల్లే చెప్పొచ్చావు" అన్నాడు.

"నాయనమ్మనడుగు."

నాయనమ్మ, "గుర్రం ఉరికిందిరా, చానాసేపు ఉరికింది. లెక్కలు నాకేం తెల్సు?" అంది. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క సాక్షి, ఆవిడకి తొమ్మిది దాకా లెక్క రాదట!

"సరే, ఇప్పుడు ఆడి చూపించు" అని శీను పెట్టె తీశాడు. మీట నొక్కితే తెరంతా గళ్లుగళ్లుగా పడింది. క్యాసెట్టు లాగితే దాని అంచునుంచి నూనె బొట్టు కారి వాడి చొక్కా మీద పడింది. పెట్టె నోరంతా జిడ్డు. వాడు నా జడల వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు. "అబద్ధం బయటపడిద్దని నువ్వే పోశావు!" అని అరిచాడు. పిన్ని వంటింట్లోంచి వచ్చింది. పెట్టె చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నా ముఖంలోకి చూసింది, నాయనమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత, "నూనె చేతుల్తో ముట్టుకోమాకని ఎన్నిసార్లు చెప్పా నీకు?" అంది నాతో.

నేను ఆ వయసుకే వాదించడం నేర్చుకున్నాను. నా తలకి రాసేది కొబ్బరినూనె, పెట్టెలో ఉన్నది ఆముదం, వాసన చూడండన్నాను. పెట్టె నోట్లో దూది పోగు ఇరుక్కుని ఉంది, చూడండన్నాను. వేడెక్కిందని సున్నం పడిందనుకుని నాయనమ్మే వేసిందన్నాను. బాబాయి చెంప మీద కొట్టాడు. "నీ తప్పుకి పెద్దదాని పేరు చెప్తావా?" అన్నాడు. బాబాయి అంతకుముందు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నాయనమ్మ గోడకేసి తిరిగి జపమాల తిప్పుతూ ఉంది. ఒక్క మాట, 'నేనేరా' అన్న ఒక్క మాట చాలేది. ఆవిణ్ని ఎవరు కొడతారు? మంచి చేద్దామని చేసిన పనికి ఎవరు తిడతారు? అనలేదు.

ఆ రోజునుంచి నేను ముందుగదిలోకి రాకూడదన్నారు. సినిమా రోజున కూడా. అందరూ టీవీ చూస్తుంటే నేను వంటింటి గడప మీద కూర్చునేదాన్ని, గడప దాటి ఒక్క అంగుళం ముందుకు జరగలేదు, రమ్మన్నా వెళ్లలేదు. పదో రోజున పిన్నే, "వచ్చి చూసుకోవే, ఎవరూ ఏమనర్లే" అంది. నేను కదల్లేదు. ఆ గడప మీదే పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. బస్టాండు దగ్గర శాఖా గ్రంథాలయంలోంచి రోజుకొకటి తెచ్చేదాన్ని, పరీక్షల ముందు రోజు కూడా. ఇవాళ బడి పనితోపాటు నేను కథలేవైనా రాస్తున్నానంటే ఆ గడపే కారణమని సభల్లో ఎవరైనా అందంగా అనొచ్చు, ఒకాయన అన్నాడు కూడా. నేను ఒప్పుకోను. పుస్తకాలు నాకు ముందుగదిలో కూర్చున్నా దొరికేవి.

నెల తిరక్కముందే బాబాయి వాడికి ఇంకో పెట్టె తెచ్చాడు. అదే ఆట. గడప మీద నాకు తెర కనపడదు, పాట వినపడుతుంది. ఒక్కో కోటకి ఒక్కో పాట. రౌతు పడిపోతే దిగజారే మూడు స్వరాలు. కళ్లు పుస్తకంలో ఉన్నా చెవులు అక్కడే. ఆరో కోట పాట, మూడు స్వరాలు. మళ్లీ మొదటినుంచి, ఆరో కోట పాట, మూడు స్వరాలు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏడో కోట పాట వినపడలేదు. 'వెనక్కి రా' అన్న ఒక్క మాట నా నోటి చివర ఉండేది. అనలేదు. అది నా పగ అంటే పగే.

నాయనమ్మ నాకు తర్వాత్తర్వాత వేరేగా ఏవేవో దాచిపెట్టేది. మీగడ, వేరుశనగ ఉండలు, చెరుకు ముక్క. గడప దగ్గర పెట్టి వెళ్లేది. నేను తీసుకెళ్లి శీనుకి ఇచ్చేదాన్ని, ఆవిడ చూస్తుండగా. ఆ తర్వాత రెండేళ్లకి ఆవిడ పోయింది. నేను నరసరావుపేటలో ఇంటర్ హాస్టల్లో ఉన్నాను. చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టుకోనిచ్చాను, అంతకన్నా ఏమీ చెయ్యలేదు. ఇది రాయడం కష్టంగానే ఉంది. అయినా ఆవిడ అప్పుడు కూడా చెప్పలేదు.

ఇప్పటి ఆటల్లో అంతా దాచిపెడతారు. ఎక్కడ ఆగామో, ఎన్ని గెలిచామో, ఏ రోజు ఏ నిమిషాన గెలిచామో పేరుతో సహా ఉంటుంది. ఎవడైనా కాదంటే చూపించొచ్చు. అయితే చూసేవాడే లేడు. అప్పుడు ఇల్లంతా చూడటానికి సిద్ధంగా ఉంది, చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఈ రెంటిలో ఏది నయమని అడిగితే నేను చెప్పలేను, రెండూ నా మీద పగబట్టినట్టే ఉన్నాయి.

శీను బత్తాయి ఒలుచుకుంటూ మా ఆయనకి ఆ కథ తన వైపునుంచి చెబుతున్నాడు. "చొక్కా మీద బొట్టు పడింది బావా, కొత్త చొక్కా. ఈమేమో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది" అంటున్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

"పిన్నికి ఫోన్ చెయ్యి" అన్నాను.

"ఇప్పుడా? దేనికి?"

"చెయ్యమంటున్నా గదా. స్పీకర్లో పెట్టు."

"అబ్బా, వదిలెయ్యరాదా అక్కా, ఎప్పటి సంగతో. నేనేదో నవ్వులాటకన్నా."

"నువ్వు నవ్వులాటకే అన్నావు. నేను నవ్వులాటకి అడగడం లేదు. చెయ్యి."

వాడు మా ఆయన వంక చూశాడు. ఆయన, చెయ్యి శీనూ, లేకపోతే నాకు నిద్ర ఉండదు అన్నట్టు తలూపాడు. పిన్నికి ఇప్పుడు డెబ్బై దాటాయి. బట్టీ మూతపడి చాలా ఏళ్లయింది, బాబాయి పోయి మూడేళ్లు. ఫోన్ ఎత్తగానే, "ఏరా, చేరావా? విజయ కాలెట్టుంది?" అంది.

"బాగానే ఉంది పిన్నీ, నేనే మాట్లాడుతున్నా" అన్నాను. "నిన్నొకటి అడుగుతాను. నిజం చెప్పు. మీ ఇంట్లో ఆ వీడియో గేమ్ పెట్టెలో నూనె ఎవరు పోశారు?"

అవతల కాసేపు టీవీ మోత వినపడింది. గుర్తుకు రాలేదేమో అనుకున్నాను. మొత్తం మర్చిపోయి ఉంటే నేనేం చెయ్యాలో అప్పటిదాకా ఆలోచించలేదు.

"ఆ పెట్టా? మా అత్త గదే" అంది పిన్ని, ఆ పూట కూర ఏం వండిందో చెప్పినట్టు.

శీను చేతిలో తొన ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఎప్పుడేందే, ఆ పొద్దే తెల్సు. పెట్టె చేతికి తీసుకోంగానే ఆముదం కంపు. నీ తలకి కొబ్బరినూనె రాసేది నేనేగా, నాకు తెలవదా?"

"మరి నన్నెందుకన్నావు?"

"ఇంకెవర్ననమంటావు? అత్తనంటే మీ బాబాయి ఊరుకుంటాడా? అప్పటికే ఆమెకి నాకు మాటల్లేవు, పొలం అమ్మించింది నేనేనని. ఆ మాట కూడా నేనంటే ఇల్లు నిలబడేదా? నిన్నంటే పొయ్యేదేముంది. పిల్లవి. రెండ్రోజులు ఏడ్చి మర్చిపోతావనుకున్నా." గొంతు తగ్గించి, "ఏం, ఇంకా మర్చిపోలేదా ఏందే?" అంది.

నేను ముప్పై ఏళ్లుగా తయారుచేసి పెట్టుకున్న మాటలున్నాయి. అవన్నీ శీనుని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి, కొన్ని నాయనమ్మని. పిన్నికి చెప్పడానికి ఒక్కటీ లేదు. రోజూ పొద్దున నా తల వెనక కూర్చుని పాట గొణుక్కున్న మనిషి ఆవిడ. ఆ తర్వాత కూడా జడలు వేసింది, పరీక్షలయ్యేదాకా వేసింది, అదే చేత్తో, అదే నూనెతో. ఒక్క పొద్దు కూడా పాట తప్పలేదు.

"లేదు పిన్నీ, మర్చిపోలేదు" అన్నాను.

"పోనీలే, ఇప్పుడు చెప్పాగా" అంది. "కాలు జాగర్త. బత్తాయిలు పులుపేమో, పంచదార వేసుకో" అని పెట్టేసింది.

శీను ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. పాపం, వాడికీ అబద్ధమే చెప్పారు. ఆ ముక్క నేను అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు, అనుకోవడం నాకు నచ్చలేదు కూడా. వాణ్ని కోప్పడటానికి నాకు ఇంకా చాలా కారణాలున్నాయి, రెండో రిమోటుతో సహా. క్షమించమంటాడేమో, అంటే ఏం చెప్పాలా అని చూస్తున్నాను.

వాడు అది అడగలేదు. యాభైకి దగ్గరపడిన మనిషి, మీసం సగం నెరిసిన మనిషి, మంచం దగ్గరికి కుర్చీ జరుపుకుని, "అక్కా, అయితే నువ్వు నిజంగానే చూశావన్నమాట" అన్నాడు. "ఏముందక్కా తొమ్మిదో కోటలో?"

వాడి ముఖం అచ్చం ఆ వయసులో ఉన్నట్టే అయింది. నాకు చెప్పాలనిపించలేదని అనను. గుమ్మం, బావి, చేద, తల వంచిన గుర్రం, అన్నీ నోటిదాకా వచ్చాయి.

"చెప్పను" అన్నాను.

"ఏంది అక్కా, చిన్నపిల్లలాగా!"

"ఇన్నేళ్లు నేను చూళ్లేదన్నావు గదా. చూడనిదాన్ని నాకెట్టా తెలిసిద్ది?"

బతిమాలాడు. మా ఆయన చేత చెప్పించబోయాడు. ఆయన, నాకూ చెప్పలేదు శీనూ అన్నాడు, అది నిజం. కాఫీ తాగి, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి, "ఆరో కోట ఎట్టా దాటాలో అదన్నా చెప్పు" అన్నాడు.

అది మాత్రం చెప్పాను.